మాస్టారి ఫోన్లో ఎవరి వేలు?

తొమ్మిదో భాగం

నేను పెట్టిన తాళాన్ని దాని సొంతదారు తప్ప ఇంకో ప్రాణి తెరవలేదు. మనిషి కాదు గదా, దయ్యం కూడా తలుపు దగ్గర చెప్పులు విప్పి, కాసేపు నిలబడి, వెనక్కి పోవాల్సిందే. ఈ మాట నేను ఐదో తారీఖు సోమవారం మా వర్క్‌షాపులో స్టూలెక్కి, పధ్నాలుగు మంది ముందు చెప్పాను. చప్పట్లు కొట్టింది ఇద్దరే. అందులో ఒకరు చేతులకంటిన ప్లాస్టరు దులుపుకుంటున్నారు.

ఆ మాట పచ్చి అబద్ధమని ఇరవై మూడో తారీఖు శుక్రవారం, పట్టపగలు పదకొండున్నరకి, మేనేజరమ్మ గదిలో తేలిపోయింది. తేల్చింది కంప్యూటర్ చదువులు చదివినవాళ్ళు కాదు. ఒక బస్సు కండక్టరమ్మ.

కథ ఎక్కడ ఆగిందో మర్చిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు. మాది కృత్రిమ కాళ్ళు చేసే చోటు. మా అమ్మకి అన్నయ్య, అంటే మా మావయ్య, ఇక్కడ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మాస్టారు. ప్రతి పేషెంటు కొలతలూ కంప్యూటర్లో ఉంటాయి. మాస్టారు తన ఫోన్లో ‘ఓకే’ నొక్కితే తప్ప, యంత్రం ఆ కొలతలకి నురుగు దిమ్మని చెక్కదు. ఆ దిమ్మ మీదే కాలి తొడుగు తయారవుతుంది. ఇదివరకు ఆ ‘ఓకే’కి ఒక పాస్‌వర్డు ఉండేది. అది ‘మోకాలు123’ అని వర్క్‌షాపు మొత్తానికీ తెలుసు. తెలియనివాళ్ళు ఇబ్బంది పడకూడదని, పేషెంట్లు నడక నేర్చుకునే చోట, అద్దం మీద మార్కరుతో రాసి కూడా ఉంచారు.

ఒకరోజు ఎవడో “పై ఆఫీసు నుంచి” అని ఫోన్ చేసి పాస్‌వర్డు అడిగాడు. మావయ్య అక్షరం అక్షరం చెప్పి, వాడు రాసుకునేదాకా ఆగి, “సరిగ్గా రాసుకున్నావా నాయనా, ఇంకోసారి చెప్పనా?” అని కూడా అడిగాడు. పేషెంట్ల జాబితా మొత్తం దొంగల పాలైంది. అందుకే ఇక్కడ కంప్యూటర్లు చూసుకునే నేను రంగంలోకి దిగి, పాస్‌వర్డులు పీకేసి పాస్‌కీలు పెట్టాను.

పోయిన వారం కండక్టరమ్మ వచ్చింది. కొత్త కాలు తీసి, మేజోడు విప్పింది. మేజోడు ఎర్రగా తడిసి ఉంది. తొడుగు ఆమె కాలికి మరీ బిగుతుగా తయారైంది. కొలతలెవరో మార్చారు. మార్చిన కొలతలకి ‘ఓకే’ పడింది మావయ్య పాస్‌కీ నుంచి. అక్కడ ఆగాం.

*

మేనేజరమ్మ గదిలో రెండు గోడల పొడవునా అరలున్నాయి. వాటిలో రబ్బరు పాదాలు. ఎడమ పాదాలు కుడి గోడకి, కుడి పాదాలు ఎడమ గోడకి. ఎందుకలా అని అడిగితే మొదట్నుంచీ అంతే అంటారు. ఆ శుక్రవారం ఆ పాదాలన్నీ వేళ్ళు మా వైపు తిప్పుకుని, ఎవరిని తన్నాలా అని ఆలోచిస్తున్నట్టున్నాయి.

బల్లకి అటువైపు పై ఆఫీసు నుంచి వచ్చిన విచారణాధికారి. ఆవిడ కుర్చీలో కూర్చుంటే కుర్చీ వీపు ఉత్త అలంకారం. అంత నిటారు. ఆవిడ వచ్చిన ఐదో నిమిషంలోనే నేను ‘కొలబద్ద’ అని పేరు పెట్టేశాను. ఆవిడ పక్కన మేనేజరమ్మ, చేతిలో టైపు చేసిన కాగితం. గోడ వారగా మా ఫిట్టరు. ఏ సమస్య వచ్చినా ముందు స్క్రూ బిగిస్తాడు కాబట్టి అతన్ని అందరూ స్క్రూ అనే పిలుస్తారు. కిటికీ దగ్గర కండక్టరమ్మ, కర్రలు ఒళ్ళో పెట్టుకుని. మధ్యలో స్టూలు మీద మావయ్య. చొక్కా మోచేతుల దాకా తెల్లటి పొడి. అంతమంది పెద్దల ముందు కూడా ఆయన కళ్ళు కండక్టరమ్మ కట్టు మీదే ఉన్నాయి.

“పాస్‌కీ అంటే ఏంటో నాకు అర్థమయ్యేలా చెప్పమ్మా” అంది కొలబద్ద నాతో.

ఇది నా సబ్జెక్టు. గొంతు సవరించుకున్నాను.

“పాస్‌వర్డంటే మన తలలో ఉండే తాళంచెవి మేడమ్. తలలో ఉన్నది నోట్లోంచి జారుతుంది. పాస్‌కీ ఫోన్లోనే పుడుతుంది, ఫోన్లోనే ఉంటుంది. అదేంటో మనకి కూడా తెలీదు. మనకే తెలియనిది ఎవడడిగినా ఏం చెప్తాం? దొంగ సైటు అచ్చం మన సైటులా వేషం వేసుకొచ్చినా, పాస్‌కీ దాన్ని చూసి పలకరించదు కూడా. ఫోన్‌కి వేలు చూపించాలి, లేదా మొహం, లేదా పిన్ను. అప్పుడు ఫోనే లోపల చెవి తిప్పుతుంది. గుర్తుపెట్టుకునే పని లేదు, అద్దం మీద రాసే పని లేదు.”

“ఇబ్బందులేం లేవా?”

“ఫోన్ పోతే కాస్త తంటా మేడమ్.”

“కాస్తా?” అంది మేనేజరమ్మ. “పోయినవారం నా ఫోను ప్లాస్టరు బక్కెట్లో పడింది. రెండు రోజులు నా కంప్యూటరు నన్నే గుర్తుపట్టలేదు. నా గదిలో నేను పేషెంటులా కూర్చున్నాను.”

“రెండో ఫోన్లో కూడా పెట్టుకోండి మేడమ్ అని నేను ముందే చెప్పాను.”

“నువ్వు చెప్పేటప్పుడు స్టూలు మీదున్నావు. నాకు నీ కాళ్ళే కనబడ్డాయి, మాట వినబళ్ళేదు.”

కొలబద్ద నవ్వలేదు. “సూటిగా అడుగుతా. మాస్టారి ఫోన్ నుంచి తప్ప ఇంకో ఫోన్ నుంచి ఈ ఓకే పడుతుందా?”

“పడదు.”

“ఫోన్ చేసి ఎవరైనా ఆయన్ని మాయ చేసి?”

“చెయ్యలేరు.”

“అయితే పదమూడో తారీఖు మంగళవారం, పదకొండు నలభైకి, ఈమె పిక్క చుట్టుకొలతలో పన్నెండు మిల్లీమీటర్లు తగ్గించి ఓకే నొక్కింది మాస్టారే. అవునా?”

పన్నెండు. ఆ అంకెతో నాకు పరిచయం ఉంది. ఎలా అన్నది కాసేపాగి చెప్తాను. అప్పుడు నేను కూడా నాకు నేను చెప్పుకోలేదు. పన్నెండనే అంకె లోకంలో చాలామంది వాడతారు, గడియారాలు కూడా వాడతాయి అనుకున్నాను.

ఆ ప్రశ్నకి సరైన జవాబు నాకు తెలుసు. “ఆ ఫోన్ తెరుచుకుందని మాత్రమే తెలుసు మేడమ్, తెరిచింది ఎవరో పాస్‌కీ చెప్పదు” అనాలి. నోరు తెరిచాను. బయటికి వచ్చింది మాత్రం ఇది:

“తాళం అబద్ధం చెప్పదు మేడమ్.”

గది చల్లబడింది. మేనేజరమ్మ చేతిలో కాగితాన్ని బల్ల మీద పెట్టి, మావయ్య వైపు నెమ్మదిగా తోసింది. అందులో ఏముందో పొద్దుటే తలుపు సందులోంచి చదివేశాను. నేటి నుంచి మాస్టారు ఏ కాలికీ ఓకే చెప్పకూడదు. ఏ పేషెంటు మీదా చెయ్యి వెయ్యకూడదు. తప్పు తనదేనని ఒప్పుకుంటూ కింద సంతకం.

“మీరు కొలతలు చేత్తో దిద్దుతారటగా మాస్టారూ?” అంది కొలబద్ద.

“దిద్దుతానమ్మా. కంప్యూటరు కొలత చర్మం దాకానే వెళ్తుంది. కింద ఎముక ఎక్కడ పొడుస్తుందో బొటనవేలికే తెలుస్తుంది. రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ చేస్తాను. పన్నెండు మాత్రం...” మావయ్య ఆగాడు. “పన్నెండు తగ్గిస్తే అది కాలికి తొడుగు కాదు, పట్టకారు. నేను చెయ్యను.”

“మరి రికార్డులో ఉంది కదా?”

“తొడిగిన రోజు నేను ఉంటే ఆపేవాణ్ణి. క్యాంపుకి పోయాను.”

“నేనే తొడిగాను” అన్నాడు స్క్రూ, నేల చూస్తూ. “బిగుతుగానే అనిపించింది. మాస్టారు ఓకే చేశారు కదా, ఆయనకి తెలీదా అనుకున్నా.”

“నేనూ అదే అనుకున్నా” అంది కండక్టరమ్మ. “కొత్త చెప్పు కరుస్తుంది కదా, కొత్త కాలు కరవదా అని పళ్ళబిగువున ఐదు రోజులు తిరిగాను.”

అందరూ మావయ్య మీద నమ్మకంతోనే ఆయన్ని ముంచారు. మావయ్య అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. నుదుటి మీద తెల్లటి చార పడింది.

“నేనే అయ్యుంటాను” అన్నాడు.

“మావయ్యా!”

“కాదే, ఆలోచించు. మొన్న కళ్ళజోడు పెట్టుకునే కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతికాను. మీ అత్తయ్య అరగంట చూస్తూ కూర్చుంది గానీ చెప్పలేదు. వయసు మీద పడుతోంది. ఏ ఆలోచనలో ఉండి నొక్కానో.” ఆయన కొలబద్ద వైపు తిరిగాడు. “మా మేనకోడలు చెప్పింది కదమ్మా, తాళం అబద్ధం చెప్పదని. ఇది ఒట్టి కోతే, ఇంట్లో ఉప్పు డబ్బా, పంచదార డబ్బా మార్చేసే రకం. కానీ పని దగ్గర కోతివేషాలెయ్యదు. దాని మాట తప్పు కాదు. అంటే తప్పింది నేనే.”

నన్ను ఇప్పటిదాకా చాలామంది తిట్టారు. కొన్ని తిట్లు నా కోసమే కొత్తగా తయారుచేశారు. ఏ తిట్టూ ఈ మెచ్చుకోలులా దిగలేదు.

మావయ్య చొక్కా జేబులోంచి పెన్ను తీశాడు. మూత విప్పాడు. కాగితం దగ్గరికి లాక్కున్నాడు.

“ఆగండి మాస్టారూ” అంది కండక్టరమ్మ.

కర్రలు పక్కన పెట్టి ముందుకి వంగింది. “ఇరవై ఏళ్ళు బస్సులో పాసులు చూశాను మేడమ్. ఈ పిల్ల చెప్పే తాళం గొప్పదే, కాదన్ను. పాసు అసలైనదే. కానీ పాసు అసలైనదైతే ఎక్కినవాడు అసలువాడేనా? అక్క పాసు మీద చెల్లెలెక్కుతుంది. నా బస్సులో ఒకాయన చనిపోయాక కూడా ఏడాది పాటు వారానికి ఐదు రోజులు ఆఫీసుకెళ్ళాడు. పాసులో ఏ లోపమూ లేదు. లోపల కూర్చున్నది అల్లుడు.”

“మీకు గాయమైంది వీళ్ళ వల్లే. మీరు ఈయన తరఫున మాట్లాడుతున్నారు” అంది కొలబద్ద.

“గాయమైంది నాకు కాబట్టే మాట్లాడుతున్నా. తప్పు మనిషిని దింపేస్తే, తప్పు చేసినవాళ్ళు బస్సులోనే ఉంటారు కదా? ఆ ఫోను తెరిచి చూపించమనండి. నా ఎదురుగా.”

మావయ్య ఫోన్ తీసి, అందరికీ వీపు తిప్పి, గోడకి మొహం పెట్టి పిన్ను కొట్టాడు. పరీక్షలో పక్కవాడు కాపీ కొడతాడని జవాబుపత్రాన్ని మోచేత్తో మూసుకునే పిల్లాడి లాగా. పాస్‌వర్డు పోగొట్టిన రోజు నుంచి ఆయనకి ఈ పట్టుదల. ఆ పిన్ను అత్తయ్యకి కూడా తెలీదు.

“వేలితో తెరవండి” అంది కండక్టరమ్మ.

“వేలితో నాకు తెరుచుకోదమ్మా. మొదట్నుంచీ అంకెలే.”

కొలబద్ద తలెత్తింది. “ఏదీ, చెయ్యి చూపించండి.”

మావయ్య రెండు చేతులూ బల్ల మీద పరిచాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ ప్లాస్టరు, గరుకు కాగితం, ఆకురాయి. పది వేళ్ళూ గరిటె వెనక భాగంలా నున్నగా ఉన్నాయి. ఒక్క గీత లేదు. బ్రహ్మదేవుడు రాసింది రాసినట్టు మావయ్య రుద్దేసుకున్నాడు.

కొలబద్ద ఫోన్ అందుకుని, సెట్టింగుల్లోకి వెళ్ళింది. మావయ్య పిన్ను అడిగితే మళ్ళీ గోడ వైపు తిరిగి కొట్టిచ్చాడు. ఆవిడ చాలాసేపు చూసింది.

“ఇందులో ఒక వేలిముద్ర ఉంది.”

స్క్రూ మెడ చాచి తొంగిచూశాడు.

“వేలిముద్రే లేని మనిషి ఫోన్లో వేలిముద్ర ఎలా వచ్చింది?” ఆవిడ నా వైపు తిరిగింది. “ఫోన్ తయారుచేసి ఇచ్చింది నువ్వే కదా?”

“దుమ్మేమో మేడమ్” అన్నాను. “ఒక్కోసారి దుమ్ము కూడా వేలిముద్రలా పడుతుంది. మా దగ్గర దుమ్మెక్కువ.”

“దీనికి పేరు కూడా ఉంది. ‘మావయ్య వేలు’ అని.”

“అవును... అది ఆయనదే. ఆ రోజు పట్టింది. తర్వాత అరిగిపోయినట్టుంది.”

“పద్దెనిమిది రోజుల్లోనా?”

“ఈమధ్య పని ఎక్కువైంది మేడమ్.”

ఇంత చక్కటి అబద్ధం నా జీవితంలో చెప్పలేదు. స్క్రూ కూడా తలూపాడు. కొలబద్ద ఒక్క క్షణం తగ్గినట్టే కనబడింది. కానీ కండక్టరమ్మ నన్ను చూస్తోంది. ఆఖరి స్టాపు దగ్గర కిటికీ పక్క నిద్ర నటించేవాణ్ణి చూసే చూపు అది.

“అందరం నొక్కుదాం” అంది. “ఎవరిదో దుమ్ము, తేలిపోతుంది.”

*

ముందు స్క్రూ. అతని వేళ్ళకి నూనె ఉందని తుడుచుకుని మరీ నొక్కాడు. ఐదుసార్లు తప్పు పడేసరికి ఫోన్ అలిగి పిన్ను అడిగింది. మావయ్య గోడ వైపు తిరిగాడు, కొట్టాడు, ఇచ్చాడు. మళ్ళీ ఐదు. ఏ వేలూ కాదు. స్క్రూ ఊపిరి వదిలాడు. ఆ గాలికి బల్ల మీద సంతకం కాగితం ఒక అంగుళం కదిలింది.

తర్వాత మేనేజరమ్మ. “నా ఫోనే నన్ను గుర్తుపట్టదు, ఈయన ఫోను పడుతుందా?” అని గొణుక్కుంటూ పది వేళ్ళూ పెట్టింది. కాదు. ఆవిడ తర్వాత కొలబద్ద తను కూడా పెట్టింది. “నేనూ మనిషినే కదా” అంది. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. అదీ కాదు.

మావయ్య ప్రతిసారీ గోడ వైపు తిరగడం, కొట్టడం, ఇవ్వడం. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆ వేలు ఎవరిదో తేలుతుందన్న ఆశ ఆయన మొహంలో మెల్లగా పైకి లేస్తోంది. నా మొహంలో ఉన్నదంతా అదే వేగంతో కిందికి దిగుతోంది.

“నువ్వు పిల్లా” అంది కండక్టరమ్మ.

వెళ్ళాను. బల్ల దాకా నాలుగడుగులు. నాకు మాత్రం ఒక జిల్లా దాటినట్టుంది. కుడి చెయ్యి పెట్టాను. బొటనవేలు, కాదు. చూపుడు, కాదు. కండక్టరమ్మ టికెట్లు లెక్కపెట్టినట్టు పైకే లెక్కపెడుతోంది. మూడు, నాలుగు, ఐదు. పిన్ను. గోడ. మళ్ళీ ఫోన్. ఎడమ చెయ్యి. ఆరు. ఏడు. ఎనిమిది. తొమ్మిది.

ఫోన్ బల్ల మీద పెట్టేసి, “చూశారా, నాదీ కాదు” అన్నాను. నా గొంతు నాకే పక్కింటివాళ్ళ గొంతులా వినబడింది.

“ఇంకోటుంది” అంది కండక్టరమ్మ. “చిటికెనవేలు.”

“దానికి దెబ్బ తగిలింది.”

“దెబ్బా?” మావయ్య స్టూలు మీంచి గబుక్కున లేచాడు. “ఎప్పుడే? చెప్పలేదేం? ఏదీ, ఇటివ్వు.”

ఆయన అడిగింది అనుమానంతో కాదు. అదే నా ఖర్మ. నా ఎడమ చిటికెనవేలిని ఆ నున్నటి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, కణుపు కణుపునా నొక్కి చూశాడు. రోజూ పేషెంట్ల ఎముకలు వెతికే చేతులు. వాపు లేదు, వేడి లేదు, నేను మూలగలేదు. ఆయన వేళ్ళు మధ్యలో ఆగిపోయాయి. నా వేలిని వదిలెయ్యలేదు, నొక్కనూ లేదు. తల మాత్రం ఎత్తి నన్ను చూశాడు.

“దీనికేం కాలేదు” అన్నాడు నెమ్మదిగా.

చెయ్యి వదిలేశాడు.

నేనే ఫోన్ తీసుకుని చిటికెనవేలు పెట్టాను. అది టిక్కుమని తెరుచుకుంది. ఎంత చిన్న చప్పుడు! గదిలో ఉన్న రబ్బరు పాదాలన్నీ ఒక్కసారి నేల మీద పడ్డా అంత చప్పుడు కాదు.

*

“చెప్పు” అంది కొలబద్ద.

“ఆ సోమవారం మావయ్య వేలు నిజంగానే పెట్టి చూశాను మేడమ్. పదకొండుసార్లు. పట్టలేదు. ఫోన్ తెరిచే ఉంది, పిన్ను ఆయనే కొట్టిచ్చారు. నా వేలు పెడితే ఏమవుతుందో చూద్దామని పెట్టాను. పట్టేసింది. తీసెయ్యాలి. తియ్యలేదు.”

“ఎందుకు?”

“సరదాకి.” ఆ మాట ఆ గదిలో ఎంత చిన్నగా వినబడిందో చెప్పలేను. “ఆయన చేతులు ప్లాస్టర్లో ఉన్నప్పుడు ఫోన్ అరమీద ఉంటుంది. రింగుటోను మేక అరుపుగా మార్చేదాన్ని. మొదట్లో అంతే.”

“ఆ మేక నువ్వేనా?” అంది మేనేజరమ్మ. “ఆ చప్పుడికి నేను రెండు మీటింగులు ఆపాను!”

“పదమూడున ఏం చేశావో చెప్పు” అంది కొలబద్ద.

చెప్పాను. మా కంప్యూటర్లో బొమ్మాయన అని ఒకడున్నాడు. మనిషి కాదు. కొత్తవాళ్ళు నేర్చుకోడానికి పెట్టిన ఉత్తుత్తి కొలతలు. జాబితాలో మొదటి వరస ఎప్పుడూ ఆయనదే. ఆ మంగళవారం బొమ్మాయన పిక్కని పన్నెండు మిల్లీమీటర్లు సన్నం చేసి, యంత్రంతో పుల్లలాంటి దిమ్మ చెక్కించి, ‘డైటింగులో ఉన్నాను, పలకరించొద్దు’ అని చీటీ కట్టి స్క్రూ కుర్చీలో పెడదామనుకున్నాను. మావయ్య ఫోన్ తీసుకుని, మొదటి వరస నొక్కి, పన్నెండు కొట్టి, వేలు పెట్టి ఓకే చేశాను. అరనిమిషం పని.

కొలబద్ద మావయ్య ఫోన్లో ఆ రోజు జాబితా తెరిచి, నా ముందు పెట్టింది. మొదటి వరసలో బొమ్మాయన లేడు. రెండో వరసలో ఉన్నాడు. మొదటి వరసలో కండక్టరమ్మ పేరు, పక్కన ఎర్రచుక్క.

“తొందరగా కావాలన్నవాళ్ళకి చుక్క పెడితే పైకొస్తారు” అన్నాడు మావయ్య. “ఆ చుక్క నేనే పెట్టాను. డ్యూటీకెళ్ళాలి మాస్టారూ, వారంలో ఇవ్వండి అని అడిగింది కదా, పాపం అని.”

కండక్టరమ్మ తన కట్టు వైపు చూసుకుంది. తర్వాత నా వైపు.

“నా కాలితో ఆడుకున్నావా పిల్లా?”



“తప్పులో కాలేశానమ్మా” అన్నాను. “క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లట్లేదు.”

ఆవిడ క్షమించాననలేదు, క్షమించననీ అనలేదు. మావయ్య ముందున్న కాగితాన్ని కర్ర చివరతో కొలబద్ద వైపు తోసింది. “ఇది ఆయనది కాదు. తీసెయ్యండి.” కొలబద్ద దాన్ని రెండుగా మడిచి, నాలుగుగా మడిచి, సంచిలో వేసుకుంది. మావయ్య పెన్ను మూత పెట్టుకున్నాడు. మూడుసార్లు ప్రయత్నిస్తే గానీ మూత పడలేదు.

నేను అయిపోయిందనుకున్నాను. ఉద్యోగం పోతుంది, ఇంట్లో అమ్మ చీవాట్లు పడతాయి, ఇంకేముంది? కానీ స్క్రూ తల గోక్కుంటున్నాడు.

“మరి ఆ పుల్ల కాలు నా కుర్చీలోకి రాలేదు కదా. రాలేదేంటని చూళ్ళేదా?”

“నురుగు దిమ్మలు అయిపోయాయేమో అనుకున్నా. అడిగితే దొరికిపోతాను కదా.”

“ఎన్నిసార్లు చేశావు ఇలా?” అంది కొలబద్ద.

“ఒక్కసారే.”

“ఏమే” అన్నాడు మావయ్య. అంతే అన్నాడు.

“ఐదుసార్లు.”

“ఐదు దిమ్మలూ నీ చేతికొచ్చాయా?”

“రెండు వచ్చాయి. ఒకదానికి ఆరు వేళ్ళ పాదం గీసి పెట్టాను. ఇంకోటి మేనేజరమ్మ కారు మీద...” ఆపేశాను.

గదిలో అందరూ ఒకే లెక్క వేస్తున్నారు. ఐదులో రెండు పోతే మూడు. ఒకటి కిటికీ దగ్గర కూర్చుని ఉంది.

కొలబద్ద రికార్డు పైకీ కిందికీ జరిపింది. మొదటిసారి ఆవిడ వీపు కుర్చీకి ఆనింది. “ఈ పద్దెనిమిది రోజుల్లో ఈ పాస్‌కీ మీద తొంభై ఆరు ఓకేలు పడ్డాయి. చాలా వాటిలో కొలతలు దిద్ది ఉన్నాయి. మాస్టారు దిద్దినవీ, నువ్వు దిద్దినవీ ఒకే తాళం, ఒకే పేరు. ఏది ఎవరిదో ఇది చెప్పదు. నువ్వే చెప్పాలి. ఏ రోజు, ఎవరి కొలత?”

“అంకెలు గుర్తులేవు మేడమ్. నోటికొచ్చినవి కొట్టాను. ఒకసారి తగ్గించాను, ఒకసారి పెంచాను...”

మావయ్య నా భుజాలు రెండూ పట్టుకున్నాడు. కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

“మిగిలిన ఆ రెండు కాళ్ళూ మనం ఎవరికో తొడిగి పంపేశామే. కండక్టరమ్మ ఓర్చుకున్నట్టే, వాళ్ళూ కొత్త కాలు కరుస్తుందిలే అని ఓర్చుకుంటూ ఎక్కడో నడుస్తూ ఉంటారు. మెట్లు దిగుతూ ఉంటారు. ఎవరు వాళ్ళు? ఒక్క పేరైనా గుర్తుతెచ్చుకో.”

“తెలీదు మావయ్యా” అన్నాను. “పైన ఉన్నది బొమ్మాయనే అనుకున్నా. పేరు చూళ్ళేదు. ఐదుసార్లలో ఒక్కసారి కూడా చూళ్ళేదు.”